పరరాజ్య ప్రాబల్యము - ప్రజాభిప్రాయము

(ఒక పట్టణ పఠనమందిరమున గావించిన ఉపన్యాస పాఠము)



నేడు నేను విచారింపదలచిన విషయము ఢిల్లీలోని మంత్రులకును, దేశదేశములందున్న రాయబారులకును మాత్రమే సంబంధించినదని కొందరికి తోచవచ్చును. నా యుద్దేశమున నది వార్తాపత్రిక చేతబట్టు ప్రతి పౌరునకును సంబంధించినది. హిమాలయముల కావల మనకు పొరుగై, 1962లో మనతో యుద్ధ మొనర్చి, సరిహద్దు వివాదమును నేటికిని తెగనీయక, ఆసియా ఖండమున పెద్దరికమునకై మనతో పోటీపడుచున్న చీనా, ఐక్యరాజ్య సమితియందును, దాని శాఖలయందును, అంతర్జాతీయ ద్రవ్యసంస్థలయందును నానాటికి పలుకుబడి పెంచుకొనుచున్నది. దీనిని చూచి మన ప్రజ ఏమనుకొనుచున్నది? ఏమనుకొనవలెను? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నాకు తోచినది మనవిచేసెదను.

మొదటి ప్రశ్నకు సమాధానము కష్టమైనది కాదు. 2023లో అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రమువారు మన దేశమున జనాభిప్రాయమును సేకరింపగా, నూటికి 67 మంది చీనాయెడ తమకు సదభిప్రాయము లేదనిరి. ఇందు వింత లేదు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గాల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణము లర్పించిరి. వారికి నాయకుడై నిలిచి కూలిన కర్నలు బిక్కుమళ్ల సంతోష్‌బాబు మన సూర్యాపేటవాడు. ఆ వార్త విన్న తెలుగువానికి చీనాపై ఆగ్రహము కలుగకుండినచో నదియే వింత యగును.

కాని ఆగ్రహము నిప్పువంటిది. పొయ్యిలో నున్నంతకాలము అన్నము వండిపెట్టును. చూరు నంటుకొన్నచో ఇల్లు కాల్చును. ప్రజల ఆగ్రహమును విచారణ అను పొయ్యిలో నిలుపుటకే పత్రికలును, పఠనమందిరములును ఏర్పడినవి.

ఈ విషయమున మన రైలు బండ్లలోను, కాఫీ హోటళ్లలోను వినవచ్చు మాటలు మూడు విధములుగా నున్నవి. చీనాను ఆ సభలనుండి వెడలగొట్టవలెనని కొందరందురు. చీనా పెత్తనము చెల్లు చోట మనకేమి పని, మనమే లేచి రావలెనని కొందరందురు. అవన్నియు బలవంతుల నాటకములు, అందెవ్వరున్న నేమి, లేకున్న నేమి అని మరికొందరు పెదవి విరుతురు. ఈ మూడు మాటలును రోషమునుండి పుట్టినవే. వీనిని చరిత్ర యెదుట నిలిపి పరీక్షింతము.

అంతకుముందు 'పలుకుబడి' యనగా నేమో తేల్చుకొనవలెను. మనము దానిని ఒక్క వస్తువుగా భావించి మాటలాడుచున్నాము. నిజమునకు నాలుగు విధములైన బలములు ఆ పేరుతో చెలామణి యగుచున్నవి.

మొదటిది శాసనమువలన వచ్చిన బలము. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున వ్రాయబడిన సమితి శాసనపత్రము అమెరికా, సోవియట్ రష్యా, బ్రిటను, ఫ్రాన్సు, చీనాలకు భద్రతా సమితిలో శాశ్వత స్థానములను, వానితోపాటు నిషేధాధికారమును, అనగా వీటోను, ఒసగినది. దీనిని సవరింపవలెనన్న సభ్యరాజ్యములలో మూడింట రెండువంతులు ఒప్పుకొనుటయే చాలదు. ఆ యైదు రాజ్యములును ఒప్పుకొనవలెను. కనుక చీనా స్థానమును తొలగించుటకు చీనాయే చేయెత్తవలసియున్నది.

రెండవది ధనమువలన వచ్చిన బలము. 2000 ప్రాంతమున సమితి సాధారణ వ్యయములో చీనా చెల్లించు చందా నూటికి సుమారొక్క వంతు మాత్రమే. 2025 మొదలు మూడేండ్లకు నిర్ణయించిన లెక్కలో నది నూటికి 20 అయినది. అమెరికా వంతు 22. మన వంతు ఒకటికి కొంచెము పైన. ఇది ఆయా దేశముల ఆదాయమును బట్టి లెక్కగట్టు చందా. దానమును కాదు, లంచమును కాదు.

మూడవది ఎన్నికలవలన వచ్చిన బలము. 2019లో ఆహార వ్యవసాయ సంస్థకు చీనా దేశీయుడగు చూ దొంగ్యూ 191 ఓట్లలో 108 ఓట్లు గెలిచి డైరెక్టరు జనరలయ్యెను. 2023లో మరల నెన్నికయ్యెను. ఆ కాలముననే పౌరవిమానయాన సంస్థకు, టెలికమ్యూనికేషన్ల సంఘమునకు, పారిశ్రామికాభివృద్ధి సంస్థకు కూడ చీనావారే పెద్దలుగా నుండిరి. సమితికి చేరిన పదునైదు ప్రత్యేక సంస్థలలో నాలుగింటి పగ్గములు ఒక్క దేశమువారి చేత నుండెను. ఈ పదవులు పైనుండి రాలిపడినవి కావు. ఒక్కొక్క రాజ్యపు గడపకుపోయి అడిగి తెచ్చుకొన్నవి.

నాలుగవది ఏకాభిప్రాయ నియమమువలన వచ్చిన బలము. జైషే మహమ్మదు నాయకుడగు మసూద్ అజరును అంతర్జాతీయ ఉగ్రవాదుల పట్టికలో చేర్పవలెనని మనవారు కోరినపుడు 2009 మొదలు పలుమారులు చీనా అడ్డుతగిలినది. దానిని మన పత్రికలు వీటో యని వ్రాసినవి. అది వీటో కాదు. భద్రతా సమితిలోని 15 రాజ్యములును కూర్చుండు ఆ ఆంక్షల సంఘమున అందరును ఒప్పినగాని పేరు చేరదు. శాశ్వత సభ్యత్వము లేని చిన్న రాజ్యమైనను అచ్చట అడ్డు చెప్పగలదు. 2016 జూన్‌లో సియోల్ నగరమున అణుసామగ్రి సరఫరా దేశముల కూటమిలో మన ప్రవేశము నిలిచిపోయినదియు నిట్టి నియమమువలననే. అదే కూటమి 2008 సెప్టెంబరులో మనకు ప్రత్యేకమైన మినహాయింపు నిచ్చినపుడు చీనా కడపట తొలగి దారి యిచ్చిన సంగతియు మరువరాదు.

ఈ నాలుగింటిని కలగాపులగము చేసినచో చికిత్స తప్పును. శాసనబలమును కేకలతో తగ్గింపలేము. ధనబలమునకు మన సంపద పెరుగుటయే మందు. ఎన్నికల బలమునకు ఎన్నికలే మందు. ఏకాభిప్రాయ నియమమునకు తక్కిన సభ్యుల నందరిని మనవైపునకు త్రిప్పుకొని, అడ్డుచెప్పువానిని ఒంటరిని చేయుటయే మందు. ధర్మరాజు జూదమున నోడినది ధర్మము తెలియక కాదు. పాచికల నడక తెలియక. శకునికి తెలిసినది అదొక్కటే. కొలువులో నాశీనులైన పెద్దలకందరకు ధర్మరాజుపై గౌరవమున్నను, ఆ గౌరవము ఒక్క పందెమునైన గెలిపింపలేదు.

ఇక మొదటి మాట: చీనాను వెడలగొట్టవలెనని. ఇది క్రొత్త మాట కాదు. అగ్రరాజ్యమైన అమెరికా ఈ మాటను ఇరువదిరెండేండ్లు పట్టుకొని చూచినది. 1949 అక్టోబరు 1వ తేదీన పెకింగులో మావో ప్రభుత్వ మేర్పడినను, సమితిలోని చీనా స్థానము తైవాను ద్వీపమునకు తరలిపోయిన చాంగ్ కై షేక్ ప్రభుత్వము చేతనే నిలిచియుండునట్లు అమెరికా పట్టుపట్టినది. కొరియా యుద్ధమున తమ బిడ్డలు చీనా సైన్యముల చేత మరణించినందున అచ్చటి ప్రజాభిప్రాయము మండిపోవుచుండెను. ఎఱ్ఱ చీనాను సమితిలో చేర్చుకొనరాదని 1953లో అచట పదిలక్షలమంది సంతకముల కొరకు ఒక సంఘమే వెలసెను. ఆ పట్టుదలకు ఫలమేమి? బయటనుంచిన చీనా 1964లో అణుబాంబు పేల్చెను. సమితిలో 1945లో 51 రాజ్యములుండగా, ఆసియా ఆఫ్రికా ఖండములు దాస్యవిముక్తి నొందుకొలదిని ఆ సంఖ్య 1971 చివరకు 132 అయ్యెను. క్రొత్తగా వచ్చినవారిలో పెక్కండ్రకు అమెరికా పట్టుదలలో న్యాయము కనబడలేదు. 1971 అక్టోబరు 25వ తేదీన సర్వప్రతినిధి సభలో 76 రాజ్యములు పెకింగు ప్రభుత్వమునకు అనుకూలముగా, 35 ప్రతికూలముగా ఓటు చేసినవి. 17 తటస్థముగా నుండినవి. మన దేశము అనుకూలముగా ఓటు చేసినది.

ఆ వారములోనే, అక్టోబరు 29వ తేదీన, అమెరికా సెనేటు విదేశములకు సహాయద్రవ్య మొసగు బిల్లును 41 ఓట్లతో త్రోసివేసినది. అనుకూల మైనవి 27. ఆ యోటమికి వేరు కారణములు నున్నవిగాని, సమితిలో జరిగిన పరాభవముపై కోపము అందొకటి. అత్తమీద కోపము దుత్తమీద చూపినట్లు, ఓటు చేసిన రాజ్యముల మీది కోపము అన్నమునకు ఎదురుచూచు బీదల మీద పడినది. అంతకంటె చిత్రమేమనగా, ఆ ఓటు జరిగిన దినమున అమెరికా అధ్యక్షుని సలహాదారుడగు కిసింజరు పెకింగులోనే యుండి, అధ్యక్షుని యాత్రకు ఏర్పాట్లు చేయుచుండెను. ప్రభుత్వము స్నేహమునకు బయలుదేరిన పిమ్మటకూడ ప్రజలలో కొందరు పాత కోపమునే కౌగిలించుకొని కూర్చుండిరి.

వెలివేతకు మరియొక పాఠము అంతకు పూర్వమే కలదు. 1939 డిసెంబరులో ఫిన్లాండుపై దండెత్తినందులకు సోవియట్ రష్యాను నానాజాతి సమితి బహిష్కరించెను. తప్పు రష్యాదే, సందేహము లేదు. కాని ఫిన్లాండు రక్షింపబడలేదు; నానాజాతి సమితియు బ్రదుకలేదు. అప్పటికే జపానును, జర్మనీయు తమంత తామే వెలుపలికి పోయియుండెను. తగవులాడు వారెవ్వరును లేని పంచాయతికి తీర్చుటకు తగవే యుండదు.

రెండవ మాట: మనమే లేచి రావలెనని. దీనికి 1950వ సంవత్సరము సాక్ష్యము చెప్పును. పెకింగు ప్రభుత్వమునకు స్థాన మీయలేదని కోపించి ఆ జనవరిలో సోవియట్ ప్రతినిధి భద్రతా సమితినుండి లేచిపోయెను. అలకపాన్పెక్కిన పెండ్లికుమారుని బ్రతిమాలుటకు మామగారుండును. రాజ్యములను బ్రతిమాలువా రెవ్వరు? జూన్ 25వ తేదీన ఉత్తర కొరియా సేనలు దక్షిణమునకు చొచ్చుకొనివచ్చెను. ఆ దినముననే భద్రతా సమితి కూడినది. ఆ నెల అధ్యక్ష పీఠమున నున్నవాడు మన ప్రతినిధి బెనగళ్ నరసింగరావుగారు. రష్యా కుర్చీ ఖాళీ. సేనలు వెనుకకు మరలవలెనను తీర్మానము నెగ్గినది. రెండు దినములకు దక్షిణ కొరియాకు తోడ్పడుడను తీర్మానము, జూలై 7న అమెరికా నాయకత్వమున ఏకసేనాపత్యమును నెలకొల్పు తీర్మానము నెగ్గినవి. సభలో నుండినచో ఒక్క మాటతో ఈ తీర్మానముల నాపగలిగియుండిన రాజ్యము తన యలుకచే తన ప్రత్యర్థికి సమితి పతాకమును చేతికందించినది. ఆగస్టు 1వ తేదీన సోవియట్ ప్రతినిధి తిరిగివచ్చి కూర్చుండెను. ఆ తరువాత మరెన్నడును రష్యా అట్టి యలుక పూనలేదు.

రష్యా నేర్చిన పాఠమును అమెరికా నేర్వలేదు. 2020లో కరోనా మహమ్మారి ప్రబలినపుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చీనా మాటకు లొంగినదని ఆరోపించి, ఆ జూలైలో అమెరికా ప్రభుత్వము వైదొలగెదమని నోటీసిచ్చెను. 2021 జనవరిలో క్రొత్త ప్రభుత్వము దానిని రద్దు చేసెను. 2025 జనవరి 20వ తేదీన మరల వైదొలగుటకు ఉత్తరువు వెలువడెను. ఆ యేడు మే నెలలో ఆ సంస్థ మహాసభ కూడినపుడు, ఐదేండ్లలో 50 కోట్ల డాలర్లు అదనముగా నిత్తుమని చీనా ప్రకటించెను. చీనా పలుకుబడి హెచ్చుగా నున్నదని కోపించి లేచిపోయినవారు, లేచిపోవుటచేతనే దానిని హెచ్చించిరి. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నవానికి ఇల్లు పోవును. ఎలుకలు పొరుగింట చేరును.

మూడవ మాట: ఇవన్నియు నాటకములు, మనకెందుకని. ఈ మాట చెప్పువారు మన నానమ్మల తరమువారి ముఖములపై మశూచి మచ్చలను జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. ఆ వ్యాధిని భూమిమీదనుండి తుడిచివేయవలెనని 1958లో ప్రపంచ ఆరోగ్య మహాసభలో ప్రతిపాదించినది సోవియట్ రష్యా. ఆ కార్యమునకు 1966 పిమ్మట నాయకత్వము వహించినవాడు అమెరికా వైద్యుడు డొనాల్డ్ హెండర్సన్. ఒకరిపై నొకరు అణుబాంబులు గురిపెట్టుకొనియున్న ఆ రెండు రాజ్యములు ఒకే సంస్థలో కూర్చుండి పనిచేసినందుననే, 1980లో మశూచి నశించినదని లోకమునకు చాటగలిగిరి. మన దేశమున నాటుకొనియున్న ఆ పిశాచము 1975లో వదలినది. అది నాటకమైనచో అట్టి నాటకములు మరికొన్ని ఆడింతురుగాక.

మరింత దగ్గరి సాక్ష్యము కావలెనన్న మన యింటి విద్యుద్దీపమునే యడుగవచ్చును. పెకింగు ప్రధానస్థానముగా 2016 జనవరిలో పనికారంభించిన ఆసియా మౌలిక సౌకర్యముల పెట్టుబడి బ్యాంకులో చీనా ఓటు బలము నూటికి 26కు పైన. ముఖ్యమైన తీర్మానములకు నూటికి 75 వంతులు కావలెను గనుక ఆ దేశము ఇష్టపడని ముఖ్య తీర్మానము నెగ్గదు. అందు రెండవ పెద్ద వాటాదారు మనమే. 2017లో ఆ బ్యాంకు మన దేశమునకు మంజూరుచేసిన తొలి ఋణము, ఆంధ్రప్రదేశ్‌లో ఇరువదినాలుగు గంటలు విద్యుత్తు సరఫరా పథకమునకై 16 కోట్ల డాలర్లు. తరువాత నా రాష్ట్రపు పల్లె రోడ్లకును ఋణ మిచ్చినది. చీనా పలుకుబడి సుదూరమున జెనీవాలోనో, న్యూయార్కులోనో ఉన్నదని మనమనుకొనుచుండగా, అది మన కరెంటు స్తంభముపై వ్రాలియున్నది.

ఆ బ్యాంకు పుట్టుటకు కారణములలో నొకటి చెప్పవలసియున్నది. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ఎదుగుచున్న దేశములకు వాటా పెంచవలెనని 2010లో నిర్ణయమైనను, అమెరికా కాంగ్రెసు ఆమోద మీయక యైదేండ్లు త్రొక్కిపట్టినందున 2016 వరకు నది అమలుకాలేదు. పాత యింటి తలుపు తెరువనివారే క్రొత్త యింటికి పునాది త్రవ్వించిరి. మనవారు ఆ క్రొత్త యింటిలోనికి కోపముతో పోకుండ నిలువలేదు. మొదటినుండియు సభ్యులై, లెక్క చూచుకొని, వాటా పెట్టి, ఋణము తెచ్చుకొనుచున్నారు. ఇది లొంగుబాటని నేనంగీకరింపను. వాటాదారుడు లెక్కల పుస్తకము అడుగగలడు. గడప వెలుపల నున్నవాడు అడుగలేడు.

ఇపుడు మన చరిత్రలోనే ఒక ఘట్టమును మీ యెదుట నుంచెదను. 1962 అక్టోబరు 20వ తేదీన చీనా సేనలు మనపై దండెత్తినవి. ఆ నెల ఆఖరున, మన సైనికులు మంచుకొండలపై కూలుచుండగా, సమితిలో చీనా ప్రాతినిధ్య ప్రశ్న ఓటునకు వచ్చినది. మన ప్రతినిధి చీనా దురాక్రమణను ఖండించి, పెకింగు ప్రభుత్వమునకు స్థాన మీయవలెననియే ఓటు చేసెను. నేడు దీనిని విన్న యువకులు పిచ్చితన మందురు. ఆ ఓటు వెనుక నున్న తర్కమేమి? నియమములకు కట్టుబడని బలవంతుని నియమముల సభకు వెలుపల నుంచుటవలన మనకు మేలు లేదు. లోపల కూర్చుండబెట్టిననాడు లోకమెదుట జవాబు చెప్పించుట కవకాశమైన నుండును. ఈ తర్కమునకు చీనా కృతజ్ఞత చూపలేదు. 1972 ఆగస్టు 25వ తేదీన పెకింగు ప్రభుత్వము వేసిన తొలి వీటో, మన తోడ్పాటుతో స్వాతంత్ర్యము నొందిన బంగ్లాదేశముయొక్క ప్రవేశమునకు వ్యతిరేకముగనే. కాని 1974లో బంగ్లాదేశము లోపలికి వచ్చినది. కృతజ్ఞత కోరి చేయు ఓటు వ్యాపారము. తన తర్కము సరియని చేయు ఓటు రాజనీతి. చీనా కృతఘ్నతచే మన తర్కము తప్పు కాలేదు.

ఈ సందర్భమున మన చర్చలలో తప్పక వినవచ్చు మరియొక మాట కలదు: శాశ్వత స్థానము మనకు రాగా నెహ్రూ దానిని చీనాకు దానము చేసెనని. 1950లో అమెరికావైపునుండియు, 1955లో సోవియట్ ప్రధాని బుల్గానిన్ నుండియు ప్రస్తావనలు వచ్చినవని పిమ్మట వెలువడిన లేఖలును, సంభాషణల వ్రాతలును తెలుపుచున్నవి. 1955 సెప్టెంబరులో నెహ్రూ లోక్‌సభలో అట్టి ప్రతిపాదన మేదియు రాలేదని చెప్పెను. ప్రస్తావన వేరు, ప్రతిపాదన వేరు, శాసన సవరణ వేరు. ఐదు రాజ్యములును సంతకము చేయనిదే కానిపనిని ఒక్కరి చేతిలో నుండి జారిపోయినదనుట న్యాయము కాదు. ఆయన అట్లు వెనుదీయుట తెలివియా, పొరపాటా యని వాదింపవచ్చును. కాని డెబ్బదియేండ్లుగా పోయిన కుర్చీని గూర్చి వగచువారిలో ఎందరు ఉన్న కుర్చీలను లెక్కపెట్టుచున్నారు?

వీటోను గూర్చియు మనము ఒక్క త్రాసునే వాడవలెను. 1957లోను, 1962లోను కాశ్మీర విషయమున, 1971లో బంగ్లాదేశ యుద్ధమున సోవియట్ వీటో మనలను కాపాడినది. అపుడు మన వీథులలో స్నేహగీతములు వినవచ్చెను. మన పక్షమున పడిన వీటో ధర్మము, ఎదిరి పక్షమున పడిన వీటో అధర్మము అన్నచో, లోకము మన మాటను సంస్కర్త మాటగా వినదు; కక్షిదారు మాటగా వినును. వీటో అన్యాయమని మనమనదలచినచో, నాడు మనకు మేలుచేసినదానిని కూడ కలుపుకొని యనవలెను.

అట్లే పదవుల విషయమునను. నూటనలుబది కోట్ల జనమున్న దేశమువారు అంతర్జాతీయ సంస్థలలో పదవులందుటయే దోషమనుట సరికాదు; రేపు ఆ వాదము మనపైనే తిరిగిపడును. సరియైన ఆక్షేపణ వేరు. సమితి శాసనపత్రముయొక్క నూరవ అధికరణము, సమితి యుద్యోగి తన ప్రభుత్వమునుండి యాదేశములు పొందరాదని విధించుచున్నది. అంతర్జాతీయ పోలీసు సంస్థయగు ఇంటర్‌పోల్‌ సమితిలోని భాగము కాదు. అయినను దాని కథ ఈ ఆక్షేపణకు దృష్టాంతము. 2016లో అధ్యక్షుడైన మెంగ్ హోంగ్‌వేయ్ 2018లో స్వదేశమునకు పోయి కనబడకుండెను. పిదప చీనా ప్రభుత్వము నిర్బంధములో నున్నాడని తెలిసెను. రాజీనామా పత్రము మాత్రము సంస్థకు చేరెను. ప్రపంచ సంస్థ అధ్యక్షునే తన సేవకునిగా భావించు ప్రభుత్వమువారు ఇతర పదవులలో నెట్లు మెలగుదురని యడుగుట న్యాయమైన ప్రశ్న. ఈ ప్రశ్నను జాతిని బట్టి కాక, నడవడిని బట్టి యడుగవలెను. చీనావారినే కాక, అమెరికా వారిని, మనవారిని కూడ అడుగవలెను.

మరి కార్యసాధన మెట్లు? దృష్టాంతములు మన యెదుటనే యున్నవి. 1996లో భద్రతా సమితి తాత్కాలిక స్థానమునకు జపానుతో పోటీపడి మనము 40 ఓట్లు మాత్రమే పొంది యోడితిమి. జపానుకు 142 వచ్చెను. 2020లో అదే సభలో 192 ఓట్లలో 184 మనకు పడెను. ఆ నడుమ కాలమున కోపము పెరుగలేదు, పని పెరిగినది. 2017 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానమున దళ్‌వీర్ భండారీగారి ఎన్నికలో, శాశ్వత సభ్యరాజ్యమగు బ్రిటను తన యభ్యర్థిని ఉపసంహరించుకొనవలసివచ్చెను. సర్వప్రతినిధి సభలో మనకు వచ్చుచున్న ఓట్ల బలమునకు అది వెనుదీసినది. 2020 మార్చిలో మేధోసంపత్తి సంస్థ ఎన్నికలో చీనా యభ్యర్థికి 28 ఓట్లు రాగా, సింగపూరు యభ్యర్థి 55 ఓట్లతో గెలిచెను. చీనాను ఎవ్వరును గెంటలేదు, ఓటుచేత నోడించిరి. 2019 ఫిబ్రవరిలో పుల్వామాలో మన రక్షకభటులు 40 మంది బలియైన పిమ్మట, అమెరికా, బ్రిటను, ఫ్రాన్సులు మనతో కలిసి ఒత్తిడి తేగా, పదేండ్లు అడ్డుపడిన చీనా ఆ యేడు మే 1వ తేదీన అడ్డు తొలగించుకొనెను. ఒంటరియైన బలవంతుడు కూడ సభలో సిగ్గుపడును. ఆ సిగ్గును పుట్టింపగల శక్తి సభలో కూర్చున్నవానికే కలదు.

ఈ పనికి మనుష్యులు కావలెను. మన విదేశాంగ సేవలో అధికారులు సుమారు వేయిమంది మాత్రమే. ఇంత పెద్ద దేశమునకు, ఇన్ని రాజధానులకు, ఇన్ని సంస్థలకు, ఇన్ని ఉపసంఘములకు ఈ సంఖ్య చాలునా? ఆడలేక మద్దెల ఓడన్నట్లు, పోటీకి మనుష్యులను పంపక చీనా గెలిచినదని వగచుట మనకు గౌరవము కాదు. శాస్త్రజ్ఞులు, వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు మన తెలుగుదేశముననే వేలకు వేలు కలరు. వారిలో ఎందరిని ఈ సంస్థల ఉద్యోగములకు మన ప్రభుత్వములు సిద్ధపరచుచున్నవి? ఈ ప్రశ్నను ఎన్నికల సభలో అడిగిన ఓటరు ఒక్కడైనను కలడా?

సోదరులారా! ప్రజాభిప్రాయమనునది ప్రభుత్వమునకు గుఱ్ఱమును కాగలదు, కళ్లెమును కాగలదు. గాల్వాన్ వీరులకు మనమీయవలసిన గౌరవము కేకలతో తీరునది కాదు. కావున ఒక చిన్న కార్యమును ఈ మందిర నిర్వాహకులకు విన్నవించుచున్నాను. ఇచ్చట ఒక పెద్ద చిట్ఠా పుస్తకము నుంచుడు. సమితిలోను, దాని శాఖలలోను ముఖ్యమైన ఓటు జరిగినపుడెల్ల, పత్రికలో చూచి, మన దేశ మెటు ఓటుచేసెనో, చీనా ఎటు ఓటుచేసెనో, ఏ యెన్నికలో మనవారు నిలిచిరో, ఎచ్చట నిలువనే లేదో, తేదీతో వ్రాయుడు. ఏడాదికొకసారి మన పార్లమెంటు సభ్యుని ఈ మందిరమునకు పిలిచి, ఆ పుస్తకమును ఆయన ముందుంచి, 'ఈ చోట మన కుర్చీ యేల ఖాళీగా నున్నది?' అని యడుగుడు. ఆయన జవాబు కూడ అందే వ్రాయుడు. చీనా కుర్చీని గూర్చి మనమడుగునది ఆ తరువాతి పుటలో వ్రాయవచ్చును.